ఇరవై మూడో నంబరు బిళ్ళ

మేడమ్ పోయారని నాకు పెద్దపల్లి బస్టాండులో తెలిసింది. యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఆఫీసులో పనిచేసే అటెండరన్న ఫోన్ చేసి, "చెల్లె, మేడమ్ పొద్దుగాల పోయింది. నీకు చెప్పాలె గదా అని చేసిన," అన్నాడు. నేను పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్ళే బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. ఏడుపు రాలేదు. ముందు వచ్చిన ఆలోచన, ఇక మేడమ్‌కి ఆ సంగతి చెప్పే పని తప్పిందని. అలా అనుకున్నందుకు ఆ తర్వాత ఏడ్చాను.

మేడమ్ మా యూనివర్సిటీలో ఒక స్కాలర్‌షిప్ పథకం చూసేవారు. ఇంట్లో ఎవరూ చదువుకోని పిల్లలను ఏటా కొందరిని తీసుకుని, ఫీజు, హాస్టలు, పుస్తకాలు ఇచ్చి, సాయంత్రాలు ఇంగ్లీషూ లెక్కలూ మళ్ళీ మొదటినుంచి చెప్పించేవారు. నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడి బిడ్డను. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని. స్కాలర్‌షిప్ ఫారం పాడైపోతుందేమోనని పెన్ను పట్టుకుని అరగంట ఊరికే కూర్చుంటే, మేడమ్ నా చేతిలోని పెన్ను తీసుకుని పెన్సిల్ పెట్టారు.

"ముందు దీంతో రాయమ్మా. భయం పోయాక పెన్నుతో దిద్దుదువు గాని."

ఆవిడ బల్ల మీద బిస్కెట్ల డబ్బాలో ఎప్పుడూ చెక్కిన పెన్సిళ్ళు ఉండేవి, మా కోసమే.

తండ్రి వృత్తి అన్న గడి దగ్గర మళ్ళీ ఆగాను. బాయి పని గురించి మేడమ్ ఒక్కొక్కటే అడుగుతుంటే బిళ్ళ సంగతి చెప్పాను. మా బాపు బాయిలోకి దిగేముందు తన నంబరు బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కూడా బిళ్ళ అక్కడే ఉందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. వెతకడానికి వెళ్తారు.

నెల తిరక్కుండా ఆఫీసు గోడకు మేకులు కొట్టిన చెక్క ఒకటి వచ్చింది. మాకందరికీ రేకు బిళ్ళలు, నంబర్లతో. నాది పదిహేడు. సెలవులకు ఇంటికి వెళ్తూ తగిలించాలి, తిరిగి వచ్చాక తీసుకోవాలి. సెలవులయ్యాక మూడో రోజుకు కూడా ఎవరి బిళ్ళయినా మిగిలితే మేడమే ఆ ఇంటికి బస్సెక్కేవారు. సెలవులకని ఇంటికి వెళ్ళి అక్కడే ఆగిపోయే పిల్లలు మాలో చాలామంది ఉండేవారు.

మొదటిసారి వచ్చింది మా ఇంటికే. మా అమ్మకు, అదే మా అవ్వకు, జ్వరమొస్తే వంటకు నేను ఆగిపోయాను. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "ఏందే, నీ బిడ్డ కాలేజీల ఏం లొల్లి పెట్టుకున్నది? మేడమే ఎంబడి వచ్చింది," అంది. "లొల్లి తర్వాత చెప్త. ముందుగాల మీ కుర్చీ ఇయ్యి," అంది అవ్వ. ఆ అడిగి తెచ్చిన కుర్చీలో మేడమ్ చాయ్ తాగుతుంటే నేను తలెత్తలేదు.

డ్యూటీ నుంచి వచ్చిన బాపు మాత్రం సిగ్గుపడలేదు. "బిళ్ళ పెట్టిండ్రు, మంచిదే మేడమ్. గని ఒక్కటి యాదుంచుకోండ్రి. ఎవని బిళ్ళ వాడే తియ్యాలె. ఇంకొకడు తీసిండనుకో, పైనోళ్ళు మనిషి ఇంటికి పోయిండని అనుకుంటరు. కిందోడు కిందనే ఉంటడు."

ఆ మాటను మేడమ్ ఏటా కొత్త పిల్లలకు చెప్పేవారు. "ఇది నా మాట కాదు, గోదావరిఖనిలో ఒక నాన్న చెప్పిన మాట," అని నావైపు చూసేవారు.

మరుసటి ఏడు నస్పూర్ నుంచి రజిత వచ్చింది. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. దసరా సెలవులయ్యాక నేను రైలుకు నిలబడి ఉంటే, రామగుండం స్టేషనుకు వచ్చింది. చేతిలో సంచి లేదు.

"బాపు దవాఖానల ఉన్నడక్కా. వారంల వస్త. నా బిళ్ళ నువ్వు తియ్యరాదు?"

"మేడమ్‌కు చెప్పరాదే."

"చెప్తే ఇంటికొస్తది. ఒక్కటే అర్ర మాది. ఎక్కడ కూసోబెట్టాలె?"

నాకు ఆ కుర్చీ గుర్తొచ్చింది. "సరే తీ, జల్ది రా," అన్నాను.

నా పదిహేడుతో పాటు రజిత ఇరవై మూడు కూడా తీశాను. ఎవరూ చూడలేదు. సాయంత్రం క్లాసులో మేడమ్ అడిగితే, "తలనొప్పంట మేడమ్, గదిలో పడుకుంది," అన్నాను. మర్నాడు కడుపునొప్పి అన్నాను. వారం దాటాక నిజం చెప్పాలంటే ముందు చెప్పిన అబద్ధాలన్నీ చెప్పాలి. రేపు వస్తుందిలే అనుకుంటూ మూడో వారంలోకి వచ్చాను. పరీక్ష ఫీజు గడువు దాటాక మేడమ్ మా గదికి వచ్చి ఖాళీ మంచం చూశారు. నన్నేమీ అడగలేదు. అటునుంచి అటే నస్పూర్ వెళ్ళారు.

రజిత బాపు అప్పటికే పోయాడు. ఆమెను మంచిర్యాలలో బట్టల దుకాణంలో పనికి కుదిర్చారు. వాళ్ళమ్మ, "మొదటి వారం వచ్చి అడిగితే తోలుదుము మేడమ్. ఇప్పుడు పని ఒప్పుకున్నం," అందట. బిళ్ళ ఏదని మేడమ్ అడిగితే, ఎక్కడో పడిపోయిందని రజిత చెప్పిందట. నా పేరు చెప్పలేదు.

తిరిగి వచ్చి మేడమ్ మాతో అన్నారు: "తప్పు ఆ పిల్లది కాదు. నేను బిళ్ళను నమ్మాను గాని మనిషిని చూడలేదు." నేను రెండో బెంచీలో ఉన్నాను. బిళ్ళ నా ట్రంకుపెట్టెలో ఉంది.

ఆ తర్వాత ప్రతి సెలవుల చివరా మేడమ్ రెండు రోజులు చెక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. మోకాళ్ళ నొప్పులతోనే. ఒక్కొక్కరి ముఖం చూశాకే బిళ్ళ తీయనిచ్చేవారు. ఎంత ఓపికో అని అందరూ అనేవారు. నేను చాయ్ తెచ్చి ఇచ్చేదాన్ని. ఆ స్టూలు మీద ఆవిడను కూర్చోబెట్టింది నేనని ఎప్పుడూ చెప్పలేదు.

నాకు డిగ్రీ వచ్చింది, పీజీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. కలిసినప్పుడల్లా, "రజిత సంగతేమైనా తెలిసిందా?" అని అడిగేవారు. "అడుగుతున్నా మేడమ్," అనేదాన్ని. అడగలేదు. చివరిసారి ఆసుపత్రిలో బత్తాయి వలుస్తూ మూడుసార్లు నోరు తెరిచాను. మేడమ్ నవ్వారు. "ఏదో చెప్పాలని వచ్చావు. ముందు పెన్సిల్‌తో చెప్పు," అన్నారు. "ఏం లేదు మేడమ్, ఉద్యోగం పర్మినెంటు అయ్యేట్టుంది," అన్నాను. ఆవిడ సంతోషపడ్డారు.

సంతాప సభకు ముందు నస్పూర్ వెళ్ళాను. రజిత ఇప్పుడు ఇంట్లోనే మిషను కుడుతుంది. నేను చెప్పిందంతా విని, దారం తెంపింది.

"మా ఇంటికొచ్చిన దినం మేడమ్ కుర్చీ అడగనే లేదక్కా," అంది. "చాప మీద కూసున్నది. మా అమ్మ పక్కన, సాయంత్రం దాక."

సూదిలోకి మళ్ళీ దారం ఎక్కిస్తూ, "బిళ్ళ ఉన్నదా ఇంకా?" అని అడిగింది. చూపించాను. తీసుకోలేదు.

సభలో నన్ను మాట్లాడమన్నారు. లేవలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను, పెన్నుతోనే. అందరూ వెళ్ళాక ఆఫీసు గదిలోకి వెళ్ళాను. సెలవులై చాలా రోజులైంది, పిల్లలంతా వచ్చేశారు. చెక్క మీద ఉత్త మేకులే ఉన్నాయి. ఇరవై మూడో మేకుకు బిళ్ళ తగిలించాను.

తలుపు వేయడానికి వచ్చిన అటెండరన్న ఆగాడు. "ఎవలిది చెల్లె అది? ఇంకా ఎవలు రాలే?"

"రజితదన్నా. నస్పూర్ పిల్ల."

ఆయన తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఫ్యాను గాలికి ఆ ఒక్క బిళ్ళే చెక్కకు తగులుతూ, ఆగుతూ, మళ్ళీ తగులుతూ ఉంది.