అటక మీది రిపేరు సామాను

అటకత్తయ్య దేన్నీ పారెయ్యదు. ఆవిడ గురించి ఆ వీధిలో ఎవరినడిగినా మొదట చెప్పే మాట ఇదే. విరిగింది, చిట్లింది, కాలింది, తుప్పు పట్టింది, ఏదైనా సరే, చీరచెంగుతో ఒకసారి తుడిచి, "పోలేదు, రిపేరుకుంది" అంటుంది. ఆ మాటతో ఆ వస్తువు నడిమిగదిలోని అటక ఎక్కుతుంది. ఎక్కడమే గానీ దిగడం ఎవరూ చూడలేదు.

ఆ అటక మీద మూతల్లేని డబ్బాలూ, డబ్బాల్లేని మూతలూ పక్కపక్కనే ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నాయి. ఒక్క మూతా ఒక్క డబ్బాకి పట్టదు. రెండు రెక్కల ఫ్యాను, ఊచలు మాత్రమే మిగిలిన గొడుగు, పెట్టగానే మూలిగే రేడియో, ఒంటి చెవి మూకుడు, తాళంచెవి లోపలే పెట్టి తాళం వేసేసిన పెట్టె, అన్నీ ఉన్నాయి. ఇంత బరువునీ మోసేది ఒక చెక్క. అది మధ్యలో బాగా కిందికి వంగింది.

ఆ చెక్క సంగతి అందరికంటే బాగా తెలిసింది ఆవిడ కొత్త కోడలికి. అసలే పిరికిపిల్ల. పైగా వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలంటే ఆ అటక కిందినుంచే రావాలి. చేతిలో టీ గ్లాసులున్నా సరే, ఊపిరి బిగబట్టి, తల భుజాల్లోకి లాక్కుని, ఒక్క పరుగున దాటేది. సగం టీ పళ్ళెంలోనే ఉండేది.

"ఏవండీ, ఆ చెక్క ఇంకా దిగింది. నిన్న ఇంత లేదు," అంది ఒకరోజు భర్తతో. అతను ప్రెస్సులో పనిచేస్తాడు. అచ్చు కాని విషయాలేవీ తొందరగా నమ్మడు.

"నేను పుట్టినప్పట్నుంచీ అది అలాగే ఉంది."

"మీరు పుట్టి చాలా ఏళ్ళయింది కదండీ, అందుకే నా భయం."

ఆమెకి అటకని మించిన భయం ఇంకొకటుంది. అది మామగారి గొంతు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. విజిల్ బడిలో వదిలేసి వచ్చారు గానీ గొంతు వెంట తెచ్చుకున్నారు. "మంచినీళ్ళు!" అంటే ఎదురింటి నర్సు కూడా ఉలిక్కిపడి లేచి నిలబడేది. ఇంత గొంతూ కోడలి దగ్గర మాత్రం "అమ్మాయ్" అనే ఒక్క మాటకి తగ్గిపోయేది. అదే ఆమెకి మరీ భయం. "నీ వంతు ఇంకా రాలేదులే వదినా," అని ఆడపడుచు చెప్పి వెళ్ళింది. ఆ వంతు ఎప్పుడొస్తుందా అని, ఆ గొంతు తనమీదికి తిరిగితే ఆ ఇంట్లో ఎలా మసలాలా అని, ఆమెకి ఎప్పుడూ అదే బెంగ.

మామగారికి ప్రాణసమానమైన వస్తువు ఒక గాజు షీల్డు. రిటైరైనరోజు బడిపిల్లలంతా కలిసి ఇచ్చింది. నడిమిగది బీరువా మీద పెట్టి, రోజూ పొద్దున్నే తన జేబురుమాలుతో తనే తుడిచేవారు. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ఒక సాయంత్రం మామగారు నడకకి వెళ్ళారు, అత్తగారు నర్సు ఇంటికి వెళ్ళింది. అదే సమయానికి పాత సామాన్లవాడి కేక వినిపించింది. కోడలు ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇదిగో బాబూ, అటక మీద చాలా సామానుంది, పట్టుకెళ్తావా?"

అతను తల ఎత్తి ఇల్లు చూశాడు. బండి వెనక్కి తిప్పాడు.

"వద్దమ్మా, ఈ ఇంటి సామాను నాకొద్దు. ఆమధ్య మీ ఆయన ఓ ఇస్త్రీపెట్టె ఇచ్చారు. పెద్దమ్మగారు సంతదాకా నా వెంటపడి లాక్కొచ్చేశారు. ఆ పరుగుకి నాకు జ్వరమొచ్చింది."

పారేసే ఆశ అలా పోయింది. పోనీ, అంచున వేలాడుతున్న ఆ ఫ్యానునైనా లోపలికి నెడదామని స్టూలెక్కింది. రెండు చేతులా నెట్టింది. ఇటు ఫ్యాను లోపలికి జరిగింది. అటు చివర అదే ఇస్త్రీపెట్టె బయటికి జారింది. నేరుగా బీరువా మీద పడింది. షీల్డు ముక్కలై నేలంతా పరుచుకుంది.

కోడలికి స్టూలు మీదినుంచి దిగాలని తోచలేదు. కింద స్టూలు ఊగుతోంది. వంతు వచ్చేసిందనుకుంది. అంతలో అత్తగారు లోపలికొచ్చింది. నేలనీ, కోడలినీ చూసింది.

"అక్కడే ఉండు, కాల్లో గుచ్చుకుంటుంది," అని పాత తువ్వాలు తెచ్చి, ఇస్త్రీపెట్టెతో సహా ముక్కలన్నీ అందులోకి ఎత్తింది.

"అత్తయ్యా... పగిలిపోయింది."

"ఎవరన్నారు? రిపేరుకుంది. ఇది పైకి తొయ్యి, ఎలాగూ స్టూలు మీదే ఉన్నావుగా."

మూట అటక ఎక్కిందో లేదో గేటు చప్పుడైంది. మామగారు లోపలికొచ్చి, చెమట తుడుచుకుంటూ బీరువా వైపు చూశారు.

"షీల్డేదీ?"

అప్పుడే స్టూలు దిగిన కోడలు గోడకి అతుక్కుపోయింది.

"మెరుపు తగ్గిందని పాలిష్‌కిచ్చాను," అంది అత్తగారు. నేలమీద ఇంకా ఏదో తళుక్కుమంటుంటే పీట లాక్కుని సరిగ్గా దానిమీద వేసుకుని కూర్చుంది.

"ఎప్పుడిస్తాడట?"

"వాడికి చేతినిండా పనిట. తొందరపెట్టకండి."

ఆయన బీరువాని చూశారు, పీటని చూశారు, స్టూలుని చూశారు. "ఊఁ" అని కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయారు.

వంటింట్లోకి రాగానే కోడలు ఏడుపందుకుంది. అత్తగారు చెంగుతో ఆమె ముక్కు తుడిచింది.

"ఆ ఫ్యానులో గరిటె పెట్టింది మీ ఆయనే. అప్పుడు పలకా బలపం పట్టే వయసు. రేడియోని మీ ఆడపడుచు సబ్బేసి కడిగింది. ఇస్త్రీపెట్టె పనమ్మాయి పడేసింది. పారేస్తే పగిలినట్టే కదా, ఎవరు పగలగొట్టారని ఆయన గొంతు లేస్తుంది. రిపేరుకుందంటే ఇక అరవడానికేముంది? పసిపిల్లలు ఆ గొంతుకి పక్క తడిపేసేవాళ్ళమ్మా."

"మరి ఒక్కటైనా రిపేరు చేయించారా?"

"దేనికీ? ఆ చెత్తంటే నాకేమైనా మోజా? ఆ దుమ్ముకి నాకు తుమ్ములు. ఆ చెక్కంటే నీకే కాదు, నాకూ భయమే. నేనూ దానికింద పరుగెడతాను, నువ్వెప్పుడూ చూడలేదా?"

కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ రాత్రి అన్నం సయించింది గానీ, మామగారి భయం మాత్రం పోలేదు. ఆయన రోజూ పొద్దున్న జేబురుమాలు తీసి, ఖాళీ బీరువా పైభాగాన్ని ఒకసారి తుడిచి వెళ్ళిపోయేవారు. పాలిష్‌వాడి ఊసెత్తేవారు కాదు.

కొన్నాళ్ళకి అత్తగారు బజారుకి వెళ్ళిన వేళ, వంటింట్లో ఠప్పుమని చప్పుడైంది. కోడలు పరుగెత్తుకొచ్చేసరికి గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో అత్తగారి పింగాణీ టీ కెటిల్, రెండో చేతిలో దాని ముక్కు. ముఖంలో రక్తం లేదు.

"అమ్మాయ్," అన్నారు. అంత పెద్ద గొంతూ గుసగుసలోకి దిగిపోయింది. "టీ పెట్టుకుందామని... మీ అత్తయ్యకి వాళ్ళమ్మ ఇచ్చిన కెటిల్ ఇది. తను వచ్చేలోగా..."

కోడలు కెటిల్‌నీ, ముక్కునీ మార్చి మార్చి చూసింది.

"పైన చోటుందా?" అన్నారాయన తల దించుకుని. "నా షీల్డు మూట పక్కన పట్టదూ?"

అప్పుడర్థమైంది ఆమెకి. పీట కిందిదీ ఆయన చూశారు, అటక మీదిదీ చూశారు. ఆ సాయంత్రం నుంచీ అరవకుండా ఆ గొంతుని పట్టుకుని ఉన్నారు.

ఆమె కెటిల్‌నీ, ముక్కునీ అందుకుంది. స్టూలు తెచ్చి ఎక్కి, ఆ ఇంట్లో మొదటిసారి గొంతు పెంచి, డ్రిల్లు మాస్టారికి హుకుం జారీ చేసింది.

"కదలకుండా గట్టిగా పట్టుకోండి మామయ్యా!"

మామగారు స్టూలుని రెండు చేతులా పట్టుకున్నారు.