అమ్మ నేర్పని పనులు

తల్లి పనిమంతురాలైతే ఇల్లు కళకళలాడుతుందనీ, ఆ పనులన్నీ కూతురికి నేర్పితే మరో ఇల్లు నిలబడుతుందనీ చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న మా మనవరాలిని చూడవచ్చినవాళ్ళు కూడా ఇదే పాట పాడారు. నేను చాయ తాగి లేచిపోయాను. మా అమ్మంతటి పనిమంతురాలు మా ఊళ్ళోనే కాదు, రామన్నపేట చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆమె నాకు ఒక్క పనీ నేర్పలేదు. కావాలనే నేర్పలేదు.

ఎర్రమన్నూ పేడా కలిపి అమ్మ నేల అలికితే ఎక్కడా గడ్డ తగిలేది కాదు. బియ్యం చెరిగితే చాటలో ఒక్క రాయి మిగిలేది కాదు. ఇక సకినాల సంగతి చెప్పనే అక్కర్లేదు. నానిన బియ్యం దంచి, నువ్వులూ వామూ కలిపిన తడిపిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ బట్ట మీద చుట్టు పక్కన చుట్టు పోసుకుంటూ పోయేది. మాట్లాడుతూనే పోసేది, పిండి మాత్రం తెగేది కాదు.

ఇంత పనితనం ఉన్న తల్లి ఇల్లు సంతోషంగా ఉండాలి కదా. ఉండేది కాదు. ఎందుకంటే ఆ చేతులు మాకు దక్కేవి కావు. దొర ఉండే గడీలో పండగైనా, పెళ్ళయినా, పట్నం నుంచి అధికారులొచ్చినా తెల్లారేసరికి గడీ మనిషి మా వాకిట్లో నిలబడేవాడు. అది వెట్టి. కూలి ఉండదు, కాదనడానికి ఉండదు. పొద్దుగూకినాక అమ్మ ఒంటినిండా నూనె వాసనతో వచ్చేది. ఆ వాసన పీలుస్తూ మేము చల్లారిన జొన్నగట్క తినేవాళ్ళం. నాయిన దొరను ఏమీ అనలేడు కనుక అమ్మను అనేవాడు.

"చేతులు గడీల్నే పెట్టొచ్చినవా? గీ పోరగాండ్లకు ఇంత ఏడిగ వండిపెట్టేది ఉన్నదా లేదా?"

మా ఇంటి నేల అలుకు లేక పెచ్చులూడి ఉండేది. ఊళ్ళోకెల్లా పెద్ద పనిమంతురాలి ఇల్లు అది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నాకిది ఆలస్యంగా తెలిసింది, కానీ దాచి ఊరించడం నాకిష్టం లేదు. దొరల ఇళ్ళలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఊళ్ళోని ఒక పిల్లను కూడా పంపేవాళ్ళు. ఆడబాప అనేవాళ్ళు. గంగాళాలతో, పరుపులతో పాటు ఆ పిల్లా బండెక్కేది. అక్కడే వండి, అక్కడే ఊడ్చి, ఆ ఇంటి మగవాళ్ళు రమ్మంటే వెళ్ళి, పెళ్ళీ పేరంటం లేకుండా అక్కడే ముసలిదయ్యేది. ఎవరిని పంపాలో దొరసాని చూసి ఎంచేది. చేతిలో పని ఉన్న పిల్లనే ఎంచేది. మా అమ్మ పుట్టినూళ్ళో అట్లా పోయినవాళ్ళలో ఆమె చెల్లెలు ఒకతి. ఆమెకు అలకడం, చెరగడం, సకినాలు పోయడం అన్నీ నేర్పింది మా అమ్మే.

నేను అమ్మ పక్కన కూచుని పిండి ముట్టుకుంటే చెయ్యి మీద చెళ్ళున కొట్టేది. అలుకుగుడ్డ పట్టుకుంటే గుంజుకునేది. "పో, పొయ్యి ఆడుకో పో" అనేది. ఆడుకొమ్మనే తల్లి ఎవరికి చేదు అంటారేమో. నాకు చేదే. మా పక్కింటి పిల్ల నా ఈడుది. వాళ్ళమ్మ దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, వేలు పట్టి సకినం చుట్టించేది. దాని చేతిని చూసి మురిసిపోయేది. మా అమ్మకు నేనంటే ఇష్టం లేదనే అనుకున్నాను. పక్కింటామె కూడా ఒకసారి అడిగేసింది.

"ఏందక్కా, నీ బిడ్డకేం నేర్పవా? రేపు అత్తింట్ల తిట్లు పడాల్నా?"

"దానికి చేతులు తిరుగయి చెల్లె, మొద్దుది" అంది అమ్మ, నేను వింటుండగానే.

తర్వాత దొరలను ఎదిరించే సంఘం వచ్చింది. గుత్పకర్రలు పట్టుకుని జనం గడీ మీదికి పోయారు. దొర కుటుంబంతో సహా పట్నం పారిపోయాడు. గడీ తలుపులకు తాళం పడింది. ఆ కొంతకాలమే మా ఇల్లు ఇల్లులా ఉంది. అమ్మ మా నేల అలికింది, మా గద్దెకు ఎర్రటి జాజు పూసింది, మాకోసం సకినాలు పోసింది. నాయిన పొయ్యి దగ్గరే కూచుని వేడివేడిగా తినేవాడు. నాకు మాత్రం అప్పుడు కూడా నేర్పలేదు. గడీకి తాళమే పడింది, గడీ కూలలేదని ఆమెకు తెలుసు.

రజాకార్లు వచ్చారు, గడ్డివాములు తగలబెట్టారు. వాళ్ళ వెనక యూనియన్ మిలిట్రీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిందని మిఠాయి పంచారు. ఆ మిఠాయి వాసన పోకముందే దొర తెల్లటోపీ పెట్టుకుని ఊళ్ళోకి దిగాడు. సంఘంలో తిరిగిన మగవాళ్ళు అడవుల్లోనో జైళ్ళలోనో ఉన్నారు. గడీ తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు వెట్టి అనడం లేదు, సాయం అంటున్నారు. పని చేస్తే ఒక చీర పెడతారట.

దొర బిడ్డకు పాలమూరు దిక్కు సంబంధం కుదిరింది. గడీ మనిషి మళ్ళీ మా వాకిట్లోకి వచ్చాడు.

"దొరసాని నీ బిడ్డను తోల్కరమ్మన్నది. నీ చెయ్యే వచ్చి ఉంటదని అంటున్నది."

అమ్మ నన్ను తీసుకుపోయింది. పక్కింటామె కూడా తన బిడ్డతో వచ్చింది. గడీలు లేని దిక్కు నుంచి కోడలిగా వచ్చిన ఆమెకు ఎందుకు రమ్మన్నారో తెలియదు, సారె పనికి అనుకుంది. బిడ్డకు తల దువ్వి, ఉతికిన పరికిణీ కట్టి మరీ తెచ్చింది. మా ఇద్దరి ముందు పిండి పెట్టారు. దొరసాని గద్దె మీద కూచుని చూస్తోంది. నాకు బాగా చెయ్యాలనే ఉంది. అమ్మ కళ్ళ ముందు ఒక్కసారైనా శభాష్ అనిపించుకోవాలని పళ్ళు బిగించి చేశాను. పిండి ముక్కలు ముక్కలుగా తెగి పడింది. పక్కన ఆ పిల్ల పోసిన చుట్లు అచ్చు మా అమ్మవి లాగే ఉన్నాయి.

దొరసాని మా అమ్మను చూసి నవ్వింది. "గింత పేరున్నదానివి, నీ కడుపున గిదేం పుట్టిందే?"

"నీ బాంచెను దొరసానీ, ఎంత కొట్టినా వస్తలేదు" అంటూ అమ్మ అందరి ముందూ నా వీపు మీద గుద్దింది. సిగ్గుతో నేను చచ్చిపోయాను. ఇంటికి పోయే దారంతా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

పెళ్ళయ్యాక బండి వెనకాల ఆ పిల్ల పోయింది. దానికి చీర పెట్టారు. నాలుగు రోజుల్లో పంపిస్తామని వాళ్ళమ్మకు చెప్పారు. పంపలేదు. ఆమె గడీ ముందు కూచుని ఏడ్చి ఏడ్చి, గొంతు పోయాక ఇంటికొచ్చింది. ఆ రోజు మా అమ్మ వాళ్ళింటికి అన్నం వండి తీసుకుపోయింది.

నాకు హుజూర్‌నగర్ దిక్కు పెళ్ళి చేశారు. మా అత్త సంగతి రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. రొట్టె మాడితే మా అమ్మను తిట్టేది, అలుకు లేచిపోతే మా అమ్మను తిట్టేది. "మీ అమ్మ నీకు తినుడొక్కటే నేర్పిందా?" అనేది. నా మొగుడు తిట్లతో ఊరుకునేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు. ఆ దెబ్బలన్నీ మా అమ్మే కొట్టిస్తున్నట్టు ఉండేది నాకు.

మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు పక్కింటామె రోజూ పొద్దున్నే వచ్చి నా బిడ్డకు నీళ్ళు పోసేది. పిలవకుండానే వచ్చేది. చంటిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే ఆమె మొహంలో కాస్త కళ వచ్చేది. అట్లా ఒకరోజు ఆమె వాకిట్లో పిల్లకు నీళ్ళు పోస్తుంటే నేను లోపల అమ్మ మీద విరుచుకుపడ్డాను. వీపు మీద వాతలు చూపించాను. "నాకెందుకు నేర్పలే? నేనేం పాపం చేసిన?" అని అరిచాను.

అమ్మ అప్పుడు చెప్పింది. తన చెల్లెలి సంగతి, ఆడబాప సంగతి, నన్ను గడీకి తీసుకుపోయిన రోజు తను మొక్కిన మొక్కుల సంగతి. చెప్తూ చెప్తూ గొంతు పెంచింది. వాకిట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

పక్కింటామె పిల్లకు ఒళ్ళు తుడిచి, పొగవేసి, బట్టలో చుట్టి లోపలికి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తర్వాత అమ్మ ముందు నిలబడింది.

"నాతోని ఒక్క మాట చెప్పకపోతివి గదక్కా. నేను గూడ నేర్పకపోదును."

ఆమె వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఆమె గడప దాటగానే నేను అడిగాను, ఆమెకెందుకు చెప్పలేదని. నన్ను కాపాడినందుకు అమ్మ కాళ్ళు పట్టుకోవాలని ఒకవైపు ఉంది, ఆ మొహం చూడబుద్ధి కాకపోవడం ఇంకోవైపు. అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ అంది.

"చెప్తే దాని బిడ్డకు గూడ పని రాకపోవు. ఇద్దరికీ రాకుంటే గడీవోళ్ళు ఉత్తగ పోనిస్తరా? పని లేకుంటే రూపు చూసి ఎవరో ఒకల్ని తీస్కపోతరు. అందరిలో నువ్వే ఎత్తరివి, ఎర్రగుంటివి."

ఆ మాట అనేసి, పిల్ల ఏడుస్తోంది పాలియ్యమని నాకు వీపు తిప్పి కూచుంది. పాలిచ్చాను. నా ఒళ్ళో ఉన్నదీ ఆడపిల్లే.