బావ మూసిన వాల్వ్

ఏళ్ల తరబడి ఈ మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుడుపడదు. బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో మాట్లాడుతున్నంతసేపూ, వీళ్లకు తెలిసిపోయిందేమోనని మొహాలు వెతకడమే సరిపోతుంది నాకు.

ఎనభైల్లో మా అక్క భర్తా నేనూ భిలాయిలో స్టీలు ప్లాంటు ఇంజనీర్లం. బావకి కార్ల పిచ్చి. పాత ఫియట్ ఒకటి కొన్నాడు. ఆపరేషన్లప్పుడు మత్తుకిచ్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాసు ఇంజనుకి పడితే కారు రెచ్చిపోతుందని ఏదో విదేశీ పత్రికలో చదివి నన్ను ఊరించాడు. ఎవరినో బతిమాలి ఒక సిలిండరు తెచ్చి డిక్కీలో బిగించాం. అక్కడి నుంచి ఇంజను దాకా పైపు, స్టీరింగ్ కింద ఆ గ్యాసు వదిలే స్విచ్ ఒకటి. గ్యాసుతో పాటు పెట్రోలు కూడా ఎక్కువ అందాలి. లేకపోతే లోపల వేడి హద్దుమీరి పిస్టనే కరిగిపోతుంది. ఆ అదనపు పెట్రోలు పైపు ఇంకా అమర్చలేదు. అందుకని బావ సిలిండరు వాల్వ్ మూసేసి, దానికి ఎర్ర అట్టముక్క కట్టాడు.

ప్లాంటులో మాకది కట్టుబాటు. వాల్వ్ మూసి పని చేసేటప్పుడు పేరు రాసిన ఎర్ర అట్ట కడతాం. కట్టిన మనిషే విప్పాలి. ఆ అట్టను నమ్మి మనుషులు పైపుల్లోకి దూరతారు. అది ఇంకొకడు విప్పడమంటే ఏమిటో నాకు తెలియదా? నా కింద పనిచేసేవాళ్లకి నేర్పినవాణ్ణి నేనే.

కానీ అనుమానం పట్టుకుంది. భిలాయి పవర్ హౌస్ బజార్లో బావ స్నేహితుడొకడు నన్ను చూసి నవ్వాడు. అంతే. నేను డ్యూటీలో ఉన్నప్పుడు వీళ్లిద్దరూ గ్యాసు పెట్టుకుని దుర్గ్ రోడ్డు మీద తిరిగొస్తున్నారని ఆ నవ్వుకి అర్థం చెప్పుకున్నాను. పెట్రోలు పైపు ఒట్టి సాకు. ఎర్ర అట్ట నన్ను ఆపడానికే. అలా అనుకున్నకొద్దీ అన్నీ అలాగే కనపడ్డాయి.

ఓ మధ్యాహ్నం బావ నిద్రపోతుంటే వాళ్లింటి కారు షెడ్డులోకి వెళ్లాను. గ్యాసు ఏపాటి మిగిలిందో తేల్చుకుందామని అట్ట విప్పి వాల్వ్ తిప్పాను. పైపులోకి బుస్సుమంది. సరిగ్గా అప్పుడే అక్క పెరట్లోకొచ్చిన చప్పుడైంది. దొంగలా ఉలిక్కిపడి, అట్ట ఎప్పటిలా కట్టేసి బయటపడ్డాను. వాల్వ్ మూయలేదు.

మర్చిపోయానా? మర్చిపోయాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఇక్కడైనా నిజం చెప్పాలి. సాయంత్రానికే గుర్తొచ్చింది. మళ్లీ వెళితే అక్క కంటపడతానని వెళ్లలేదు. స్విచ్ వేస్తే కదా ప్రమాదం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో మాట కూడా అనుకున్నాను. నాకు తెలియకుండా బావ వేస్తే దొరికిపోతాడు, మంచిదే.

మర్నాడు బావ అక్కని సుపేలా బజారుకి తీసుకెళ్లాడు. దారిలో ఆ స్విచ్ చూపించి ఇదేం బొమ్మ అని అక్క ఆటపట్టించిందట. వాల్వ్ మూసే ఉందన్న ధీమాతో, ఆమెని నవ్వించడానికి బావ స్విచ్ వేశాడు. కారు ఒక్క ఉరుకు ఉరికింది. ఇంజను టపటపా పేలి పొగలు కక్కింది. పక్కకి ఆపి బానెట్ ఎత్తాడు. మంట మొహానికీ కుడిచేతికీ తగిలింది. అక్కకి ఏమీ కాలేదు.

ఆసుపత్రిలో కట్ల మధ్య నుంచి నన్నే చూశాడు.

“ఒరే, వాల్వ్ నేను మూసేన్రా. మూసేకే అట్ట కట్టేను. నువ్వేటైనా ముట్టుకున్నావేట్రా?”

“నేనెందుకు ముట్టుకుంటాను బావా? నువ్వే మూయకుండా కట్టేసుంటావు.”

బావ కట్టు కట్టిన తన చేతివైపు చూసుకున్నాడు. “అయితే నాకే మతి పోయిందన్నమాట,” అన్నాడు.

నమ్మేశాడు. అంత తేలిగ్గా ఎలా నమ్మాడు? నేనైతే నమ్మేవాణ్ణా? నువ్వు లేకుండా గ్యాసు ముట్టనని మీ బావ నా మీద ఒట్టేశారురా అని, ఆ రోజే వరండాలో అక్క కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

కాలిన గాయాలు మానాయి. ఆ మాట చేసిన గాయం మానలేదు. వాల్వ్ మీద చెయ్యి వేయడానికి భయపడి, బావ అడిగి మరీ ఆఫీసు పనికి మార్పించుకున్నాడు. గ్యాస్ స్టవ్ కట్టేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చేవాడు. సంతకం పెట్టిన కాగితాన్ని పక్కవాడికి చూపించి, సరిగ్గానే ఉందా అని అడిగేవాడు. కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

అక్క మాత్రం ఏ రోజూ నన్నేమీ అడగలేదు. నేను షెడ్డులోంచి రావడం చూసిందా? చూసి కూడా తమ్ముడని మింగేసిందా? ఆమె టీ ఇస్తుంటే ఈనాటికీ నా కళ్లు ఆమె చేతుల మీద ఉండవు. మొహం మీదే ఉంటాయి.

ఇద్దరూ ఇప్పుడు భిలాయిలోనే నెహ్రూ నగర్‌లో, మా పక్క వీధిలోనే ఉంటున్నారు. పొద్దున్నే బావ, నేనూ కలిసి నడుస్తాం. నిన్న కూడా గేటు దగ్గర ఆగి, తాళం వేశానా, నువ్వు చూశావా అని నన్నే అడిగాడు. వేశావు బావా అన్నాను. నా మాట మీద నమ్మకంతో అడుగు ముందుకు వేశాడు.

ఇది ఆయనకి చెప్పాల్సిన మాట. ధైర్యం చాలక మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. తేలికైనందుకు సిగ్గుగా ఉంది.