ఎర్రదారం కట్టిన బాణం

ఆ బాణం నాది. వేసింది నేను కాదు. అయినా ఆ యేడు విల్లు ముట్టొద్దని ఊరు తీర్పు చెప్పింది నాకే. వేసినవాడు నా పక్కనే కూర్చుని, అరుగు మీద గోరుతో గీతలు గీసుకుంటూ, నోరు విప్పలేదు.

వేసినవాడు మా అయ్య.

ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరి దగ్గరా అనలేదు. నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. సంతలో ఉప్పు పొట్లం కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుంటూ, ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అంత కష్టపడి నేర్చుకున్నవాణ్ణి ఇదొక్కటీ రాయకుండా పోతే ఆ నేర్చుకోవడం దేనికి?

మా ఊరు సీతంపేటకి పైన, కొండవాలులో. అరవయ్యో దశకం చివరి మాట ఇది. చైత్రంలో మగవాళ్ళందరూ కలిసి వేటకి పోవడం మాకు పండుగ. మాఘం దాటేసరికి చూరులో దోపిన వేటవిల్లులు కిందికి దిగేవి. ఏడాది పొడుగునా పిట్టలకి మొండి బాణాలు వేసే చెయ్యి ఇనుప ములుకుకి ఒక్కసారిగా అలవాటు పడదు. ఆ ములుకు కానుగాకంత వెడల్పు, రెండు పక్కలా అంచు. పాత బండిచక్రం పట్టా తెచ్చిస్తే కమ్మరి కొట్టిచ్చేవాడు. నలభై అంగల దూరం వెళ్ళేసరికి దాని బరువుకి బాణం జానెడు కిందికి దిగిపోతుంది. గాలి ఉంటే పక్కకీ పోతుంది. అందుకని నెలన్నర ముందునుంచే ఇనుప ములుకుల్తో సాధన చేసేవాళ్ళం. గురికి అరటిబోదెలు. చెట్టుకి వేస్తే అంచు పోతుంది, మట్టిగట్టుకి వేస్తే రాయి తగులుతుంది, అరటిబోదె మెత్తగా తీసుకుంటుంది. కాకపోతే దాని పసరుకి ఇనుము నల్లబడుతుంది. రోజూ బూడిదతో తోమి ఇప్పనూనె రాయాలి.

ఎవరి బాణం ఎవరిదో తెలియడానికి ఈకల దగ్గర దారం కట్టుకునేవాళ్ళం. నాది ఎర్రదారం. పొదల్లో ఎవరి చెయ్యి వేసిందో చూసేవాడుండడు కనక మా ఊళ్ళో ఒకటే కట్టుబాటు: బాణం ఎవరిదైతే వేట వాళ్ళది. పక్కవాడి బాణం అడిగి పుచ్చుకుని పందిని కొట్టినా, తొడమాంసం బాణం ఇచ్చినవాడి గుమ్మానికే వెళ్ళేది. దానికి ఎవరూ పేచీ పెట్టేవారు కాదు.

వేటలో విల్లుల వరసలో నిలబడాలంటే ఊరిపెద్ద ముందు మూడు ఇనుప బాణాలు వరసగా బోదెలో దించాలి. అంతవరకూ ఎంత వయసొచ్చినా డబ్బాలు వాయిస్తూ జంతువుల్ని తోలాల్సిందే. నాకు ఇరవై దగ్గర పడుతున్నా ఇంకా డబ్బా వాయిస్తున్నాను. మా అయ్య మాత్రం ఆ వరసకే మొదటివాడు. మొదటి బాణం ఆయన వెయ్యందే ఇంకెవరూ నారి లాగకూడదు.

ఆ యేడు నేను మూడూ దించాను. నా మేనమామ కొడుకూ దించాడు. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. నా మూడో బాణం బోదె అంచున వేలాడుతోంటే చూసి వాడు పడీపడీ నవ్వాడు.

“ఒరే బావా, పంది నీ బాణం సూసి నవ్వి నవ్వి సస్తాది గాని దెబ్బకి సావదురా!”

“సస్తే సాలు కదరా. మాంసం తిన్నప్పుడు అడుగుతానేటి, నవ్వి సచ్చినావా దెబ్బకి సచ్చినావా అని?”

వేటకి ఇంకా నాలుగు రోజులుంది. పొద్దు వాలుతోంది. మా అయ్య, బావ, నేను, ముగ్గురమే ఉన్నాం. అందరూ వేయడం అయ్యాక పెద్దవాడు “దిగండి” అని కేక వేస్తేనే ఏరుకోవడానికి వెళ్ళాలి. అయ్య కేక వేశాడు. బావ బోదెల దగ్గరికి వెళ్ళాడు. నేను విల్లూ అమ్ములపొదీ మోడుకి ఆనించి, సానరాయి తడపడానికి, కింద పారే గెడ్డలోకి నీళ్ళకి దిగాను. బావ బాణాలన్నీ పీకేసి, ఒకటి లోతుగా దిగితే బోదె పక్కన గొంతుకూర్చుని చాకుతో తొలుస్తున్నాడట. కేక వేసిన మనిషికి తాను వేసిన కేక గుర్తుండి ఉండాలి. ఎదురుగా ఎవరూ కనపడకపోయేసరికి బావ వచ్చేశాడనుకున్నాడు అయ్య. ఆయన బాణాలు ఇంకా బావ చేతిలోనే ఉన్నాయి. నా పొదిలోంచి ఒకటి లాక్కుని వేశాడు.

బావ గావుకేక విని ముంత పారేసి పైకి పరుగెత్తుకొచ్చాను. అయ్య విల్లు దించుకుని, తల ఓరగా పెట్టి వింటున్నాడు.

“ఏటిరా ఆ అరుపు? ఎవులది?”

నలభై అంగలు. ఎదురుగా మనిషి నేల మీద దొర్లుతున్నాడు. ఎవరిదని నన్నడుగుతున్నాడు.

అప్పుడు అన్నీ ఒక్కసారిగా తట్టాయి. ఆ నెలంతా “ఏ బోదెకి తగిలిందిరా?” అని నన్నే అడిగేవాడు. పరీక్ష చేస్తున్నాడనుకునేవాణ్ణి. దారాలు కళ్ళతో చూడకుండా బొటనవేలితో తడుముకునేవాడు. పెద్దవాళ్ళ అలవాటనుకున్నాను. ఆయన కళ్ళకి పొర కమ్ముతోంది.

బాణం బావ పిక్కలో ఈకల దాకా దిగింది. వాడు తల తిప్పి, పక్కపక్కన నిలబడ్డ మా ఇద్దరినీ చూశాడు. ఆ నొప్పిలో ఎవరి చేతిలో విల్లుందో గమనించలేదు, కాల్లో ఎర్రదారం మాత్రం చూశాడు.

“నానిక్కడ కూకున్నాను కదరా బావా! సూళ్ళేదేటి?”

నేను నోరు తెరిచాను. అయ్య నా భుజం గట్టిగా నొక్కాడు. “ముందు కట్టు కట్టరా,” అన్నాడు. నా తలగుడ్డ చింపి కట్టాను. మోసుకుని దిగుతోంటే బావ నా మెడ చుట్టూ చేతులు వేసుకున్నాడు గానీ, మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

మర్నాడు ఊరిపెద్ద అరుగు మీద అందరూ కూర్చున్నారు. నెత్తురు కడగని ఆ బాణం మధ్యలో పెట్టారు.

“దారం ఎవులిదిరా?”

“నాదే.”

“మరింకేటి సెప్తావు?”

“బాణం నాదే గాని...” అని అయ్య వైపు చూశాను. నేను చెప్పకూడదు. కన్నతండ్రికి కళ్ళు పోయాయని ఊరి ముందు కొడుకు చెప్పడమేమిటి? ఆయనే చెప్పాలి. చెబుతాడనుకున్నాను. ఆయన గోరు అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

వెనకనుంచి ఎవడో అన్నాడు, “పందిని కొట్టమంటే బావ పిక్కని కొట్టినాడు. పంచండ్రా పాలు!” అందరూ నవ్వారు.

ఊరిపెద్ద నవ్వలేదు. “తొడమాంసం బాణం గలోడిదైతే తప్పూ ఆడిదే. ఈ ఏడు విల్లు ముట్టకు. పై ఏడు సూద్దాం,” అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. “నిజంగా నువ్వే ఏసినావేటిరా?” బాణం నాదేనని చెప్పాను. పక్కనే అయ్య అంబలి తాగుతున్నాడు. పిడత అడుగంటా తాగాడు. ఇంత వయసొచ్చినా ఆ పిడతని నేను క్షమించలేకుండా ఉన్నాను.

వేటరోజు పిల్లలతో కలిసి డబ్బా వాయించాను. మా మోతకి ఒక పంది పొదలోంచి లేచి తిన్నగా అయ్య ఉన్న వైపే పోయింది. పది అంగల దూరంలోంచి, ఆయన ముందునుంచే దాటిపోయింది. ఆయన మోత వచ్చే వైపుకే చూస్తూ నిలబడ్డాడు. విల్లు లేవలేదు. ఎందుకు వదిలేశావని అందరూ మీదపడితే, “సూడిదిరా. కడుపుతో ఉన్నాది,” అన్నాడు. ఆహా పెద్దమనిషంటే ఇలా ఉండాలన్నారు. దాని కోరలు నేను చూశాను. అది మగపంది.

ఊళ్ళోకొచ్చే దారి మొగలో ఆడవాళ్ళు పేడనీళ్ళతో కాచుక్కూర్చున్నారు. ఖాళీ చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద పోసి ఎగతాళి చెయ్యడం ఆనవాయితీ. సూడిదాన్ని వదిలిన మనిషి కదా, అయ్య మీద చుక్క పడలేదు. “బావని ఏటాడినోడొచ్చినాడే!” అని మిగిలిందంతా నా మీద కుమ్మరించారు.

పై ఏడు సూద్దామన్నారు కదా. ఆ ఏడాదంతా ఊరికి కనపడకుండా చాటుగా సాధన చేశాను. విల్లుకి వెదురుబద్దతో కొత్త నారి కట్టాను. పై యేడు వచ్చేసరికి కొండల మీద గొడవలు ముదిరాయి, పోలీసు క్యాంపులు వచ్చాయి. ఎవడింట విల్లు దొరికితే వాడు గొడవల మనిషి కిందే లెక్క. ఉన్నవన్నీ తెచ్చి అప్పగించమన్నారు. క్యాంపు ముందు కట్టెలమోపులా విల్లులు పడి ఉన్నాయి. అయ్య తనది ముందు వేసేశాడు. నాది చేత్తో తడిమి, నారి మీద వేలు పెట్టి, చాలాసేపు పట్టుకున్నాడు.

“ఇది మావోడిది. కొత్తది,” అన్నాడు జవానుతో, వాడేదో అడిగినట్టు.

మళ్ళీ వేటలు మొదలయ్యేసరికి ఎన్ని ఏళ్ళు గడిచాయో. అప్పటికి నేను పిల్లల తండ్రిని, అడవిలో పందీ లేదు. నేను వరసలో నిలబడలేదు. ఒక్కసారి కూడా.

బావకి కాలు కుంటు ఉండిపోయింది. అత్తవారి వైపు రాజాం వెళ్ళి ధాన్యం కొట్లో కాపలాకి కుదిరాడు. ఒకసారి అక్కడ బజార్లో ఎదురయ్యాడు. తప్పించుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఒక్కటి సెప్పు బావా,” అన్నాడు. “ఆవేళ నాను నీకు కనిపించినానా, లేదా? కనిపించే ఏసినావేటి?”

“మా అయ్యని తీసుకొస్తాను. ఆయనే సెప్తాడు,” అన్నాను. చెయ్యి వదిలించుకుని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి అయ్యని బతిమాలాను. అప్పటికి ఆయనకి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి, దాచడానికి ఇంకేమీ లేదు. ఒక్క మాట చెప్పి వద్దామన్నాను. “బస్సు నాకు పడదురా,” అన్నాడు. పంటలయ్యాక అడిగాను, బస్సు పడదన్నాడు. మూడోసారీ అదే.

ఆ వానాకాలంలో బావ జ్వరంతో పోయాడు. మట్టి చేసి ఇంటికొచ్చేసరికి అయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. స్నానమైనా చెయ్యకుండా ఎదురుగా కూర్చున్నాను. బావ పోయాడన్నాను. ఇంక చెప్పడానికి మనిషి లేడు, నాకైనా చెప్పు, ఆవేళ అరుగు మీద ఎందుకు మాటాడలేదన్నాను.

గుడ్డికళ్ళు నా వైపు తిప్పకుండానే అన్నాడు:

“నాకు ఆ ఒక్క ఏడే ఉన్నాదనుకున్నాన్రా. నీకు ఇంకా బోలెడున్నాయనుకున్నాను.”