గొళ్లెం పెట్టినా తిరిగిన అర్ర

ఈ రోకలి మీద చెయ్యి పెట్టి చెప్తున్న, ఇప్పుడు రాయబోయే దాంట్ల ఒక్క ముక్క గూడ కల్పితం లేదు. నా కోతల సంగతి మన్నెగూడ చౌరస్తాల చాయ్ తాగేటోళ్లందరికీ ఎరుకే గనుక ఒట్టు జర గట్టిగనే పెట్టుకుంటున్న: అబద్ధమైతే ఇదే రోకలి నా కాలి మీద పడాలె. మా ఫ్లాటుల బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండ అడ్డం నిలబెట్టుకున్న ఈ తుమ్మ రోకలిని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ పసుపు, ఎండుమిరపకాయ, దంచిన అటుకులు, వాటన్నిటి కింద మా ఇబ్రహీంపట్నం ఇంట్ల ఆ చీకటి అర్ర వాసన వస్తది.

పట్నం మా దిక్కు పాకుడు మొదలుపెట్టిన ఏండ్లవి. సాగర్ రోడ్డు పొంటి జొన్న చేన్లల్ల తెల్ల రంగేసిన రాళ్లు మొలిచినై, ప్లాట్లు చూపించే జీపులు దుమ్ము లేపుకుంట తిరిగేటివి, ఆ జీపుల ముందు సీట్ల రుమాలు చుట్టుకొని కూసునేటోడు మా తాత. తాత జవానీల పట్వారి ఎంబడి భూములు కొలిచే గొలుసు పట్టినోడు. మంచాల నుంచి కందుకూరు దాక ఏ గట్టు ఎవరిదో ఆయనకు నోటికొచ్చు. భూమి గుండ్రంగ ఉంటదని బళ్లె సార్ చెప్పిండని నేనొచ్చి చెప్తే, "గుండ్రంగుంటె గీ ప్లాట్లు ఎట్ల గీస్తర్రా, గోలీ మీద గుంటలు కొలుస్తరా?" అన్నడు. ఇంటి నిండ నవ్వులు. భూమి తాంబాళం లెక్క సాపుగ ఉంటదనేది ఆయన నమ్మకం గాదు, అనుభవం.

అటువంటి తాతకు ఊర్ల ఒక పదవి ఉండె. గ్రహణం పట్టంగనే ఇత్తడి తాంబాళంల నీళ్లు పోసి, దాని నడుమ రోకలి నిలబెట్టేటోడు. రోకలి నిలబడి ఉన్నంతసేపు గ్రహణం ఉన్నట్టు, పడితే ఇడిచినట్టు. మా గల్లీల గడియారం ఉన్న ఇండ్లు గూడ తాత రోకలి పడ్డ సప్పుడు వినంగనే స్నానాలకు నీళ్లు తోడుకునేటివి. ఒకసారి పగటి గ్రహణానికి నిలబెట్టిన రోకలి దీపాలు పెట్టేదాక పడక గల్లీ గల్లీ ఉపాసమున్నదని ఆయనే గొప్పగ చెప్పుకునేటోడు.

ఆ యేడు గ్రహణం దీపావళి తెల్లారే పొద్దున పట్టింది. వాకిట్ల కాకరపువ్వొత్తుల కాలిన తీగలు ఇంక ఊడ్వలేదు, గర్జెల డబ్బా మూత తీస్తే కొబ్బరి, యాలకుల వాసన ఇల్లంత కమ్ముకుంటుండె, అమ్మ ఆ డబ్బా మీద, పెరుగు సట్టి మీద, ఆవకాయ జాడీ మీద గరిక పోచలు పెట్టుకుంట తిరుగుతుండె. నాయిన మొదటి బస్సుకే పట్నం పోయిండు. అక్కడ స్లాబు పోసుడున్నదట, పట్నం బిల్డింగులకు గ్రహణాలుండయని మేస్త్రి చెప్పిండట.

మా మేనత్త సుజాత తొలుసూరు కాన్పుకు మా ఇంటికొచ్చి ఉన్నది. నెలలు నిండినై. ఇంటర్ దాక చదివి, ఇంక చదువుతనంటుండంగనే లగ్గమైన మనిషి. గ్రహణం నీడ పడితే పుట్టే బిడ్డకు మొర్రి వస్తదని తాత ఆమెను కిటికీ లేని వడ్ల అర్రల పెట్టిండు. చాప మీద ఎల్లెలకల పండుకోవాలె, గోకొద్దు, గిల్లొద్దు, మసలొద్దు. ఎక్స్‌రే ఫిలిం జేబుల పెట్టుకొని గోడెక్కబోయిన నన్ను చెవు పట్టుకొని తెచ్చి ఆమె పక్కన తోసిండు. బయట గొళ్లెం పడ్డది.

అట్ల ఇరుకుల పడ్డోళ్లకే తెలుస్తది చీకటి ఎంత బరువో. వడ్ల బస్తాల నుంచి దుమ్ము, ఆముదం డబ్బా జిడ్డు వాసన, ఉక్కపోత, ఎక్కడో ఎలుక గీరుతున్న సప్పుడు, తలుపు అవుతల తాత దగ్గు. నేను పది నిమిషాలల్ల నాలుగుసార్లు దాహమన్న. అత్త మాత్రం నవ్వి లేచి కూసోని రాత్రి మిగిలిన ప్రమిద ముట్టించింది. వాంతి రాకుండ వాసన చూసుకునే నిమ్మకాయ ఒక చేతుల, గర్జెల డబ్బా పాత మూత ఒక చేతుల పట్టుకొని గోడ మీద నీడలు వేసింది.

మూత ఎదురుంగ పెడితే నీడ గుండ్రంగ పడ్డది, పక్కకు తిప్పితే కట్టెపుల్ల లెక్క సన్నగైంది. నిమ్మకాయను ఎన్ని తీర్ల తిప్పినా నీడ గుండ్రమే. చందమామకు గ్రహణం పట్టేది మన భూమి నీడ తోనే గదా, పోయినసారి ఆ నీడ అంచు ఎట్లుండె అని అడిగింది. గుండ్రంగ అన్న. అంతకు ముందుసారి? గప్పుడు గూడ గుండ్రమే.

"చందమామ ఒక్కోసారి ఒక్కో దిక్కు నుంచి వచ్చి మన నీడల పడ్తది. భూమి మూత లెక్కుంటె, ఒక్కసారన్న కట్టెపుల్ల నీడ పడాలె గద బిడ్డా," అన్నది.

దీపం ఊదేసినంక గోడ మీద కనపడ్డది అసలు వింత. గూనపెంకల సందుల నుంచి వచ్చే ఎండ రోజూ రూపాయి బిళ్లల లెక్క పడేది. ఆ పొద్దు ప్రతి బిళ్లను ఎవరో ఒక పక్క కొరికిండ్రు. చూస్తుండంగనే కొడవండ్లయినై, గోడ నిండ ముప్పై నలభై సన్నటి కొడవండ్లు, అన్నీ ఒక్క దిక్కే వంగి. గ్రహణం చూడొద్దని పెట్టిన అర్రలనే మాకు ఊర్ల ఎవ్వరికీ కనపడనంత గ్రహణం కనపడ్డది. అంతేగాదు, అవి గోడ మీది నుంచి కిందికి జారుతున్నై. పొద్దు పైకెక్కుతున్నది గద అన్న.

"పొద్దు యాడికీ పోతలేదు. తిరిగేది మనమే. ఈ అర్ర, ఆ తలుపు, బాపు, బాపు రోకలి, అన్నీ కలిసి తిరుగుతున్నై. గొళ్లెం పెట్టినా ఆగలే సూడు," అన్నది అత్త. ఆ మాట అననైతే నవ్వుకుంటనే అన్నది గని, చెయ్యి మాత్రం తలుపు మీద పెట్టి ఉండె.

కొడవండ్లు మెల్లగ లావెక్కి మళ్ల నిండు బిళ్లలైనంక ఆమె నా మణికట్టు పట్టుకున్నది. ఆ పట్టు ఇయ్యాల్టికీ యాదికున్నది. నొప్పులు. చెమట నా చెయ్యి మీదికి కారుతున్నది. నేను తలుపు గుద్ది, తాతా ఇడిచింది, నేల మీద గుండ్రంగ పడుతున్నది అని అరిచిన. రోకలి నిలబడే ఉన్నది, ఇడువలేదన్నడు తాత. అమ్మ అవుతల బతిమాలుతున్నది. తాత గొంతుల కోపం లేదు, భయమే ఉన్నది. మొర్రి భయమొకటి, ఇండ్లల్ల తలుపులేసుకొని తన రోకలి కోసం చెవులొగ్గిన గల్లీ భయమొకటి.

అత్త పండ్లు బిగవట్టి ఒక్కటే మాట అన్నది. "బాపు, పళ్లెం సాపు, రోకలి అడుగు పొన్ను సాపు. నువ్వు నిలబెడితే అది రేపు గూడ నిలబడ్తది. నేను గప్పటిదాంక ఉండ."

తర్వాత నేను చేసిన పని మా ఖాందాన్ల అందరికీ ఎరుకే. తలుపు కింద పిల్లి దూరే సందులకెళ్లి నిమ్మకాయను గోలీ లెక్క వదిలిన. అది సీదా పోతే నడుమల గుంజకు తగిలేదే, గని భూమి తిరుగుతున్నది గద, జర పక్కకు మళ్లి, గుంజను చుట్టొచ్చి తాంబాళానికి ఠక్కున కొట్టింది. రోకలి పడ్డది. గొళ్లెం ఊడింది. గ్రహణానికి భయపడి మా గల్లీలనే పండుకున్న ప్లాట్ల జీపు డ్రైవర్‌ను లేపి అత్తను దవాఖానకు తీస్కపోయిండ్రు. ఆడపిల్ల పుట్టింది. తాత మొదలు చూసింది దాని పై పెదవి.

ఇప్పుడా ఇల్లు లేదు, రెండు ప్లాట్లయింది. తాత కొలిచి ఇచ్చిన రాళ్ల మీదనే స్లాబులు లేచినై. గూనపెంకలు పోయినంక ఇంట్లకు పొద్దు బిళ్లలు బిళ్లలుగ రాదు. మొన్న గ్రహణం నాడు మా ఫ్లాటుల పరదాలు మూసి టీవీల చూసినం. అత్త బిడ్డ ఎప్పుడొచ్చినా తన పిల్లలకు నిమ్మకాయ కథ చెప్పమంటది, నేను నిమ్మకాయను గుంజ చుట్టు ఇంకో చుట్టు ఎక్కువ తిప్పి చెప్తుంట. తాత పోయి పదేండ్లు దాటింది, చివరిదాక ఆయన భూమి సాపుగనే ఉండె.

రోకలి మీద ఒట్టు పెట్టుకున్న గనుక, కాలు జర దూరం జరుపుకొని ఒప్పుకుంటున్న. అత్త నీడలు నిజం, కొడవండ్లు నిజం, ఆ పట్టు నిజం. నిమ్మకాయ ఒక్కటే అబద్ధం. అది నా పిడికిట్లనే ఉన్నది, పిసికి పిసికి రసం కారింది. తలుపు పలకల సందుల నుంచి నేను చూసింది వేరే. అత్త ఆ మాట అన్నంక తాత జరసేపు రోకలి దిక్కు చూసిండు, వాకిలి దిక్కు చూసిండు, అమ్మ మా తలుపు దిక్కు తిరిగి ఉండంగ, ఇంకెవ్వరూ చూస్తలేరనుకొని కాలి బొటనవేలుతోటి తాంబాళం అంచును మెల్లగ తన్నిండు. రోకలి నేల మీద పడ్డ సప్పుడుకు ముందే, గల్లీకంత వినపడేటట్టు, గ్రహణం ఇడిచిందని కేకేసిండు.