సువార్త రికార్డరు, మా వీధి పైపు

ఫరీదాబాద్‌లో మా వీధి నిండా కోస్తా నుంచి వచ్చిన నర్సుల కుటుంబాలే. అందరిలోకీ సీనియర్ సువార్త. ముప్పై ఏళ్ళ సర్వీసులో పేషెంటు చెప్పని ముక్క ఒక్కటి కూడా ఛార్టులో రాయలేదని ఆవిడకు మహా గొప్ప. ఆ గొప్పతో మేం పడ్డ పాట్లు దేవుడికే తెలుసు.

2008 ఎండాకాలంలో ఒక స్వచ్ఛంద సంస్థ పార్కులో స్పీకరు బిగించి, వీధికో చిన్న రికార్డరు ఇచ్చింది. జనం తమ కష్టాలు తమ గొంతుతోనే చెప్పుకోవాలి. ప్రతి ఆదివారం సాయంత్రం వాటిని పార్కులో వినిపిస్తారు, నీళ్ళ ఇంజనీరు వచ్చి వింటాడు. కొత్త పైపు ఈ ఏడాది ఒక్క వీధికే. మా రికార్డరు సువార్త చేతికి వచ్చింది. మేం తెలుగులో చెప్పాలి, వెంటనే ఆవిడ హిందీలో చెప్పాలి.

మావాళ్ళకు మైకు కనబడితే చర్చి గుర్తొస్తుంది. చర్చిలో మైకిస్తే దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యం చెబుతారు, సాక్ష్యంలో ఎవరైనా ఫిర్యాదు చేస్తారా? డెబ్బై ఏళ్ళ నాగేశ్వరమ్మ రోజూ రెండంతస్తులు బిందెలు మోస్తుంది. ఆవిడే గొంతు సవరించుకుని, "దేవునికి స్తోత్రం. వారమంతా ట్యాంకరు రాకపోయినా నన్ను చల్లగా చూశాడు," అంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఆయన ప్రమోషనుకు స్తోత్రాలు చెప్పాను.

"హిందీలో కాస్త నీళ్ళ బాధ కలిపెయ్యక్కా," అన్నాను.

"చెప్పని మాట నేనెలా చెప్తానే?" అని కసిరింది.

ఆదివారం పక్క వీధివాళ్ళు ఏడ్చి, తిట్టి, రక్తి కట్టించారు. మా స్తోత్రాలు విని ఇంజనీరు, "అచ్ఛా, ఈ వీధిలో అందరూ సుఖంగానే ఉన్నారన్నమాట," అన్నాడు. నిర్ణయం వచ్చే ఆదివారమట. సువార్త ముఖం చూస్తే నాకే జాలేసింది.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తూనే ఆవిడ రికార్డరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "సాక్ష్యాలొద్దు తల్లీ. ప్రార్థన అంశాలు చెప్పండి," అంది. అంతే, చెరువుకు గండి పడ్డట్టయింది. నడుం నొప్పులు, రాని ట్యాంకర్లు, అన్నీ తేదీలతో సహా దేవుడికి విన్నవించుకున్నాం. నాగేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. "తండ్రీ, ఆ ఇంజనీరు బాబు రెండు నెలలుగా రేపు రేపంటున్నాడు. అతన్ని శిక్షించకయ్యా. వాళ్ళమ్మ మెట్లెక్కి నీళ్ళు మోసుండదు, అందుకే అతనికి తెలీదు. ఆ తల్లికి ఎప్పటికీ ఆ గతి రానీకు."

సువార్తకు భయం పట్టుకుంది. ఇది ఇంజనీరు ముఖం మీదే వినిపిస్తే పైపు సంగతి సరే, ట్యాంకరు కూడా పోతుందేమో. అయినా చెప్పింది చెప్పినట్టు హిందీలో చెప్పింది.

ఆదివారం ఆ మాటలు స్పీకర్లో పార్కంతా వినిపించాయి. ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. మా పైప్రాణాలు పైనే పోయాయి. అతను తిన్నగా నాగేశ్వరమ్మ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

"మా అమ్మ మోసింది, మాతాజీ. మూడంతస్తులు," అన్నాడు. పైపు మీ వీధికే అన్న మాట ఆవిడను తన కుర్చీలో కూర్చోబెట్టాకే చెప్పాడు.