గిర్ని ఆడినంతసేపు వెలుతురు

మెదక్‌లో మా గల్లీ దాకా కరెంటు స్తంభాలు ఇంకా రాలేదు. ఇంటి పక్కనే మా మామకు పిండిగిర్ని ఉండేది. చిన్న ఆయిలింజను, దానికో పట్టా, రెండు రాళ్లు, అంతే సంగతి. ఆ ఇంజనంటే ఆయనకు ప్రాణం. దాన్ని తుడిచే గుడ్డలు మేం ఒళ్లు తుడుచుకునే తువ్వాళ్లకన్నా శుభ్రంగా ఉండాలి. ఉతికేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపి పెళ్లయి వచ్చినదాన్ని. చర్చి బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ ఒకావిడ పట్టుబట్టి నాచేత మెట్రిక్ ప్రైవేటుగా కట్టించింది. పాసైతే టీచరు ట్రైనింగుకు పంపిస్తానంది. ఆ మాట నా మనసులో అలా నిలబడిపోయింది. కానీ పగలంతా ఇంటి చాకిరి, పొద్దుగూకితే చీకటి. దీపం దగ్గరికి జరిగితే చాలు, మా అత్త అందుకునేది. "గాసునూనె పాయె, కండ్లు పాయె. గింత సదివి ఎవల్ని ఉద్ధరిస్తవే?" నాకు ఒళ్లు మండేది. నోరు మూసుకునేదాన్ని గానీ పుస్తకం మూసేదాన్ని కాదు.

నా పెనిమిటి లారీ డ్రైవరు. పాతసామాన్ల దుకాణంలో లారీ ఆల్టర్నేటరు ఒకటి దొరికితే, గిర్నికి లైటు పెట్టుకోవచ్చని తెచ్చి ఇచ్చి మళ్లీ బండెక్కి పోయాడు. మామ దాన్ని చెక్కదిమ్మకు బిగించి, ఇంజను చక్రం నుంచి సన్నపట్టా ఒకటి తగిలించాడు. గల్లీ అంతా చూడవచ్చింది. మామ కళ్లు మూసుకుని ప్రార్థన చేసి ఇంజను తిప్పాడు. ఆల్టర్నేటరు గిర్రున తిరిగింది, బల్బు మాత్రం వెలగలేదు. సైకిలు డైనమోలాగా తిప్పితే చాలనుకున్నాడు పాపం. ఇంకా జోరు పెంచితే పట్టా తెగి గోడకు తగిలింది. "ప్రార్థన సరిగ్గ చెయ్యలే" అని అత్త తేల్చేసింది. నా పెనిమిటి తిరిగొచ్చి నవ్వీ నవ్వీ చెప్పాడు, "బాపూ, ముందుగాల దానికి బ్యాటరీ తోని జర కరెంటు ఇయ్యాలె. ఉత్తగ తిప్పితే లేవదది."

లారీలోంచి తీసేసిన ముసలి బ్యాటరీ ఒకటి కట్టారు. బల్బు వెలిగింది. ఆ బ్యాటరీకి ఆల్టర్నేటరును లేపే సత్తువ ఉందిగానీ, లైటును మోసే సత్తువ లేదు. ఇంజను ఆగితే బల్బు ఎర్రబడి ఆరిపోయేది. మామ గిర్నిలో ఒక బల్బు, మా అరుగు మీద ఒకటి వేలాడదీశాడు. "గిర్ని ఆడినంతసేపు సదువుకో బిడ్డా. ఆగినంక నన్ను అడుగొద్దు" అన్నాడు. ఉత్తగా ఇంజను తిప్పి డీజిలు తగలేసే మనిషి కాదాయన.

అప్పటినుంచి నా చదువు ఊరి జొన్నల మీద ఆధారపడింది. హవేలిఘనపూర్ నుంచి బండి ఒకటి మూటలతో వచ్చిందంటే నాకు పండగ. గింజలు దండిగా పడితే ఇంజను మూలిగేది, బల్బు మసకబారేది, నేను చదివే వరుస మీద వేలు పెట్టుకుని ఆగేదాన్ని. మిరపకాయలు ఎప్పుడూ ఆఖరున పట్టేవారు, వాటి తర్వాత ఆ రాళ్లలో ఎవరూ తమ గింజలు పోయనివ్వరు. ఘాటు ముక్కుకు తగిలిందంటే తుమ్ముతూనే పుస్తకం సర్దుకునేదాన్ని.

తెల్లవారితే లెక్కల పరీక్ష. ఆ సాయంత్రం గిర్నికి రెండు గంపలే వచ్చాయి. నాకు రేఖాగణితం సగం మిగిలే ఉంది. గంపలు అయిపోయాయి, మామ ఇంజను ఆపడానికి లేచాడు. నాకు ఏడుపొచ్చింది.

లోపలినుంచి అత్త పిండి డబ్బా చంకన పెట్టుకుని వచ్చి గిర్ని నోట్లో గుమ్మరించింది.

"ఏందే గిది? పొద్దుగాల పట్టిన పిండే గద!" అన్నాడు మామ.

"మెత్తగ గాలే. మల్ల పట్టు."

ఆయన ఆ పిండిని వేళ్ల మధ్య రాసి చూసుకున్నాడు. ఆమె మొహం చూశాడు. ఇంజను ఆపలేదు. పిండి కిందికి దిగింది. అత్త దాన్ని ఎత్తి మళ్లీ పోసింది.

"గిప్పుడన్న అయిందా?"

"గాలే."

నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, త్రిభుజాలన్నీ అలికిపోయాయి. అత్త ఇంజను చప్పుడును మించి అరిచింది, "ఏడ్సుడేందే? సదువు! రాళ్లు కాగుతున్నయ్!"

రాళ్ల వేడికి ఆ పిండిలో జిగురంతా చచ్చిపోయింది. పొద్దున రొట్టె తడితే ఒక్కటీ నిలవలేదు, పెనం మీదికి చేరేలోపే ముక్కలయ్యేది. అత్త ఆ ముక్కలనే కాల్చి, పల్లెంలో వేసి నా ముందు పెట్టింది.

"ఇరిగిందని సూడకు. తిని పో, పాసయి రా."